ఏ వివరానికి ఎవరు యజమాని? సంస్థలో కంప్యూటర్ వ్యవస్థల అనుసంధానం

ఒక సంస్థలో పద్దులకు ఒక సాఫ్ట్‌వేర్, గిడ్డంగికి మరొకటి, జీతాలకు ఇంకొకటి, హాజరుకు వేలిముద్ర యంత్రం ఉన్నప్పుడు, వాటిలో ఒకచోట నమోదైన వివరాన్ని మరెవరూ మళ్లీ చేత్తో ఎక్కించే పని లేకుండా, అది అవసరమైన తక్కిన చోట్లకు సరైన రూపంలో, సకాలంలో చేరేలా చేసే ఏర్పాటును వ్యవస్థల అనుసంధానం అంటారు. ఉద్యోగుల నోట ఇది ఎక్కువగా ఇంటిగ్రేషన్‌గానే వినిపిస్తుంది. ఈ పనికి పూనుకొనే యాజమాన్యాలు మొదట అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని, తర్వాత అడిగేది ఎంత ఖర్చవుతుందని. సరుకు ధర విషయంలో పద్దుల విభాగం మాట చెల్లుతుందా, అమ్మకాల విభాగం మాట చెల్లుతుందా అన్న ప్రశ్న మాత్రం సాధారణంగా సాఫ్ట్‌వేర్ కొన్నాక, రెండు తెరల మీద రెండు అంకెలు కనిపించినప్పుడు గాని పుట్టదు. అనుసంధానం చెడిన చోట కారణాన్ని తవ్వుకుంటూ పోతే, యంత్రాల మధ్య తెగిన లంకె కన్నా విభాగాల మధ్య కుదరని ఈ ఒప్పందమే తరచుగా అడుగున కనిపిస్తుంది. అందువల్ల ఏ వివరానికి ఎవరు యజమాని అన్నది తేల్చుకోవడాన్నే ఈ అధ్యాయం పనికి మొదటి మెట్టుగా తీసుకుంటుంది.

ఈ విషయాన్ని ఒమన్ నేపథ్యంలో చూడటానికి బలమైన కారణాలున్నాయి. అక్కడ ప్రభుత్వ సేవల కంప్యూటరీకరణ కోసం 2006లో రాజాజ్ఞ ద్వారా సమాచార సాంకేతిక ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2020 ఆగస్టులో సుల్తాన్ హైతమ్ బిన్ తారిఖ్ మంత్రిత్వశాఖలను పునర్వ్యవస్థీకరించినప్పుడు రవాణా, కమ్యూనికేషన్లు, సమాచార సాంకేతికత ఒకే మంత్రిత్వశాఖ కిందికి వచ్చాయి. ఆ తర్వాత 2021-2025 కాలానికి ‘తహవ్వుల్’ పేరిట ప్రభుత్వ డిజిటల్ పరివర్తన కార్యక్రమం నడిచింది. ప్రభుత్వ కార్యాలయాలు ఒకదానితో ఒకటి ముడిపడుతున్న కొద్దీ ప్రైవేటు సంస్థలు కూడా తమ వివరాలను నిర్ణీత రూపంలో అప్పగించక తప్పలేదు. దిగుమతి సరుకుకు రాయల్ ఒమన్ పోలీస్ కస్టమ్స్ విభాగం నడిపే ‘బయాన్’ వ్యవస్థ, జీతాలకు బ్యాంకు ద్వారా సాగే వేతన పరిరక్షణ విధానం, 2021 ఏప్రిల్ 16 నుంచి అమలైన 5 శాతం విలువ ఆధారిత పన్ను, ఈ మూడింటికీ జవాబు చెప్పవలసిన సంస్థ తన ఇంట్లో లెక్కలు పొంతన లేకుండా ఉంచుకొని ఎంతోకాలం నెట్టుకురాలేదు. ఈ పనుల్లో తెలుగు ఇంజినీర్లు, అకౌంటెంట్లు, డేటా ఎంట్రీ ఉద్యోగులు కూడా పాలుపంచుకుంటున్నారు. అనుసంధాన బాధ్యతను తొలిసారి భుజాన వేసుకొనే అలాంటి ఉద్యోగిని దృష్టిలో ఉంచుకొనే ఇక్కడి సూచనలు సాగుతాయి.

కొనేముందు చేయవలసిన జాబితా

మస్కట్‌లోని రూవీలో ప్రధాన కార్యాలయం, రుసైల్ పారిశ్రామిక వాడలో గిడ్డంగి, సోహార్‌లోనూ, దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరాన ఉన్న సలాలాలోనూ శాఖలు ఉన్న ఒక మధ్యతరహా వ్యాపార సంస్థను ఊహించుకుంటే, దానిలోని వ్యవస్థలు ఎన్ని అని అడిగినప్పుడు ఐటీ విభాగం నాలుగో ఐదో చెబుతుంది. విభాగాల బల్లల దగ్గరికి వెళ్లి చూస్తే ఆ సంఖ్య పెరుగుతుంది. పద్దుల సాఫ్ట్‌వేర్‌లో లేని రాయితీలను ఒక గుమాస్తా ఎక్సెల్ షీటులో రాసుకుంటాడు. వీసాలు, కార్డుల గడువులు ఎప్పుడు తీరతాయో అందరూ పీఆర్‌ఓ అని పిలిచే ప్రభుత్వ వ్యవహారాల ఉద్యోగి తన ఫోనులోనో నోటుపుస్తకంలోనో పెట్టుకుంటాడు. సలాలా శాఖ రోజువారీ అమ్మకాలను వాట్సాప్ ఫొటోలుగా పంపుతుంది. వీటిని తక్కువచేసి చూడటం పెద్ద పొరపాటు, ఎందుకంటే ఆ షీటు, ఆ నోటుపుస్తకం పుట్టిందే అసలు సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అవసరాన్ని తీర్చలేక; కొత్త ఏర్పాటు కూడా ఆ అవసరాన్ని విస్మరిస్తే, గో-లైవ్ అయిన వారానికే, అంటే వ్యవస్థ వాడుకలోకి వచ్చిన వారానికే, ఆ షీటు మళ్లీ తెరుచుకుంటుంది.

జాబితాలో ప్రతి వ్యవస్థ పక్కన అది ఏ పనికి పనికొస్తుంది, దానిలోకి వివరాలు ఎక్కడినుంచి వస్తాయి, అక్కడినుంచి ఎక్కడికి పోతాయి, ఆగిపోతే ఎవరి పని ఎన్ని గంటల్లో నిలిచిపోతుంది అన్న నాలుగు సంగతులు రాసుకుంటే చాలు. ఒమన్ ప్రభుత్వ సంస్థల కోసం రూపొందించిన ‘ఓఈగాఫ్’ అనే ఆర్కిటెక్చర్ చట్రం కూడా సంస్థ చేసే పనిని, సమాచారాన్ని, సాఫ్ట్‌వేర్‌ను, సాంకేతికతను వేర్వేరు పొరలుగా విడదీసి చూడమంటుంది. ఆర్కిటెక్చర్ అన్న మాట ఇక్కడ సంస్థ పని, దాని కంప్యూటర్ వ్యవస్థలు ఒకదానితో ఒకటి ఎలా అమరాయో చూపే నమూనాకు వర్తిస్తుంది. మధ్యతరహా సంస్థకు అంత పెద్ద చట్రం అవసరం ఉండదు గానీ, పనిని ముందు, యంత్రాన్ని చివర చూడాలన్న వరుస మాత్రం అందరికీ ఉపయోగపడుతుంది. వెండర్లు, అంటే సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థలు, తమ ప్రదర్శనల్లో సహజంగానే ఈ వరుసను తలకిందులు చేస్తారు.

యజమానిని నిర్ణయించడం

జాబితా పూర్తయ్యాక అసలు పని మొదలవుతుంది. ఉద్యోగి, కొనుగోలుదారు, సరఫరాదారు, సరుకు, శాఖ వంటి పదేపదే వాడుకలో ఉండే మూల వివరాలను మాస్టర్ డేటా అంటారు; వీటిలో ప్రతి దానికీ ఒకే ఒక పుట్టిల్లు ఉండాలి, తక్కిన వ్యవస్థలన్నీ దానినుంచి నకలు తీసుకోవాలే గాని సొంతంగా మార్చకూడదు. ఉద్యోగి పేరు మానవ వనరుల విభాగంలో పుడితే జీతాల సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరును దిద్దే వీలు ఉండకూడదు. తప్పు కనిపిస్తే పుట్టింట్లోనే దిద్దించాలి. చెప్పడానికి ఇది తేలికే, అమలు చేయడం కష్టం, ఎందుకంటే దిద్దే అధికారం వదులుకోవడాన్ని ఏ విభాగమైనా తన పరువు తగ్గడంగానే భావిస్తుంది.

ఒమన్‌లోనే ఇలాంటి పంపకానికి శతాబ్దాల నాటి ఉదాహరణ ఉంది. కొండల కింది నీటిని వాలు కాలువల ద్వారా ఊళ్లకు, ఖర్జూరపు తోటలకు చేర్చే ఫలజ్ పద్ధతిలో కాలువ ఎంత బాగా తవ్వారన్నదానితో పాటు, ఏ తోటకు ఎంతసేపు నీరు అన్న వంతుల లెక్క కూడా అంతే ముఖ్యం. పగలు నీడగడియారాన్ని, రాత్రి నక్షత్రాలను చూసి ఆ వంతులు పాటించేవారు, వాటి పర్యవేక్షణకు వకీల్ అనే బాధ్యుడు ఉండేవాడు. తెలంగాణ చెరువుల కింద నీరటికాడు చేసిన పని కూడా ఇలాంటిదే. సంస్థలోనూ ప్రతి మూల వివరానికి ఇలా పేరు పెట్టి ఒక బాధ్యుణ్ణి నియమించాలి. ఆ వ్యక్తి ఐటీ విభాగంవాడు కాకుండా ఆ వివరంతో రోజూ పనిచేసే విభాగానికి చెందినవాడై ఉండటం మంచిది.

ఇక పేర్ల సంగతి. ఒమన్ సంస్థల్లో అరబ్బు, భారతీయ, పాకిస్తానీ, ఫిలిప్పీన్స్ ఉద్యోగులు కలిసి పనిచేస్తారు గనుక పేరును బట్టి మనిషిని గుర్తించబోయే సాఫ్ట్‌వేర్ తొందరలోనే బోల్తా పడుతుంది. ఒమనీ పేరులో తండ్రి పేరు, తాత పేరు, చివర తెగ పేరు వరుసగా వస్తాయి. అదే పేరును ఇంగ్లిష్ లిపిలో రాసేటప్పుడు అక్షరాలు ఒక్కో కార్యాలయంలో ఒక్కో తీరుగా మారతాయి. తెలుగువారి విషయంలో ఇంటిపేరు ముందు రావడం, పాస్‌పోర్టులో అది చివరి గడిలోకి చేరడం, బడి సర్టిఫికెట్లలో పొడి అక్షరంగా మిగలడం వల్ల ఒకే మనిషి హాజరు యంత్రంలో ఒక పేరుతో, జీతాల పట్టీలో మరో పేరుతో, బీమా జాబితాలో మూడో పేరుతో కనిపిస్తాడు. దీనికి విరుగుడు రాయల్ ఒమన్ పోలీస్ జారీచేసే కార్డుపై ఉండే సివిల్ నంబరు. గల్ఫ్ తెలుగువారు బతాకా అని పిలుచుకొనే రెసిడెంట్ కార్డుపైనా ఇది ఉంటుంది. పాస్‌పోర్టు నంబరు కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా మారుతుంది కనుక దాన్ని ఆధారంగా చేసుకున్న లంకెలు కొన్నేళ్లకు తెగిపోతాయి. కొత్తగా దిగిన ఉద్యోగికి కార్డు వచ్చేదాకా సివిల్ నంబరు ఉండదు కాబట్టి, సంస్థ సొంతంగా ఇచ్చే ఎప్పటికీ మారని ఉద్యోగి సంఖ్యను లోపలి కీలకంగా ఉంచుకొని, సివిల్ నంబరును, పాస్‌పోర్టు నంబరును దానికి జోడించిన వివరాలుగా పెట్టుకోవడమే తెలివైన పద్ధతి.

బ్యాంకు ఖాతా వివరాలకూ ఇదే జాగ్రత్త కావాలి. 2023 ఆగస్టులో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంక్ ఒమన్ సోహార్ ఇంటర్నేషనల్ బ్యాంకులో విలీనమైంది. అలాంటి విలీనాల వల్ల ఖాతాల వివరాలు మారినప్పుడు, వాటిని ఒకేచోట దిద్దితే సరిపోయే సంస్థకూ, నాలుగు చోట్ల వెతికి దిద్దుకోవలసిన సంస్థకూ ఉండే తేడా జీతాల రోజున తెలిసొస్తుంది.

లంకెలు, బైసాలు, అక్షరాలు

వ్యవస్థలను కలపడానికి రెండు దారులున్నాయి. ప్రతి వ్యవస్థను మరో ప్రతి వ్యవస్థతో నేరుగా కలిపితే ఆరు వ్యవస్థల మధ్య 15 లంకెలు, పది వ్యవస్థల మధ్య 45 లంకెలు ఏర్పడతాయి. ఏ ఒక్క సాఫ్ట్‌వేర్ మారినా దాని లంకెలన్నీ తిరిగి రాసుకోవాలి. రెండో దారిలో మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. దీన్నే మిడిల్‌వేర్ అంటారు. ప్రతి వ్యవస్థ దానితో మాత్రమే మాట్లాడుతుంది, ఒక వ్యవస్థ మరొకదాన్ని సమాచారం అడగడానికి ఏర్పరిచిన నిర్ణీత ద్వారమైన ఏపీఐల ద్వారా ఆ మాటలు సాగుతాయి. మూడు వ్యవస్థలే ఉన్న చిన్న సంస్థకు మిడిల్‌వేర్ అనవసరపు భారం, నేరు లంకెలే చాలు. ఆరేడు దాటితే మాత్రం మధ్యవర్తి ఖర్చు గిట్టుబాటవుతుంది. అలాగే ప్రతి వివరమూ క్షణాల్లో చేరాలన్న పట్టుదల కూడా వృథా. గిడ్డంగి నిల్వ వెంటనే తెలియాలి గాని, హాజరు వివరాలు రాత్రికి ఒకసారి మూటగా, అంటే బ్యాచ్‌గా వచ్చినా నష్టం లేదు.

లంకె రాసేటప్పుడు రెండు సూత్రాలు తప్పనిసరి. ఒకే సందేశం పొరపాటున రెండుసార్లు వచ్చినా పని ఒక్కసారే జరగాలి. లేకపోతే నెట్‌వర్క్ తెగి మళ్లీ కలిసిన రాత్రి ఒకే ఇన్వాయిస్ రెండుసార్లు పద్దుకెక్కుతుంది. రెండోది, పంపిన చోట, అందిన చోట లెక్క ప్రతిరోజూ సరిచూడాలి. ఎన్ని రికార్డులు బయలుదేరాయి, ఎన్ని చేరాయి, మొత్తాలు కలిశాయా అన్న ఈ తనిఖీని రీకన్సిలియేషన్ అంటారు. ఆసక్తికరమైన పని కాదు గనుక దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు.

ఒమన్‌లో మొత్తాలు కలవకపోవడానికి ఒక ప్రత్యేక కారణం దాని నాణెంలోనే ఉంది. ఒమనీ రియాలుకు వెయ్యి బైసాలు, అంటే దశాంశ స్థానాలు మూడు. రూపాయికి, దిర్హమ్‌కు అలవాటుపడిన సాఫ్ట్‌వేర్ రెండు స్థానాల దగ్గరే ఆగిపోయి 12.345 రియాళ్లను 12.35గా మార్చేస్తుంది. పన్ను దగ్గర ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. 1.250 రియాళ్ల వస్తువుపై 5 శాతం పన్ను 0.0625 రియాలు, వస్తువు వస్తువుకు సవరించే సాఫ్ట్‌వేర్ పది వస్తువులకు 0.630 అని చూపిస్తే, మొత్తంపై లెక్కించే సాఫ్ట్‌వేర్ 0.625 అని చూపిస్తుంది. ఐదు బైసాల తేడా చూడటానికి చిన్నదే గాని, అమ్మకాల వ్యవస్థ ఒక పద్ధతిని, పద్దుల వ్యవస్థ మరో పద్ధతిని పాటిస్తే నెలాఖరున వేల ఇన్వాయిస్‌ల మధ్య ఆ తేడా ఎక్కడుందో వెతకడానికి అకౌంటెంటుకు వారాలు పడుతుంది. దుబాయ్‌లోనూ శాఖ ఉన్న సంస్థ రెండు రకాల దశాంశాలనూ ఏకకాలంలో మోయాలి కనుక, సవరణ ఎక్కడ, ఎలా జరగాలో ఒక్క వాక్యంలో రాసి అన్ని వెండర్ల ఒప్పందాల్లోనూ చేర్చడం మంచిది.

అరబీ అక్షరాలు కూడా పరీక్ష పెడతాయి. పాత సాఫ్ట్‌వేర్‌లు అరబీ కోసం వేరే అక్షర సంకేతాలు వాడేవి. యూనికోడ్, అంటే ప్రపంచ లిపులన్నింటికీ ఒకే సంకేత పట్టిక, వాడే కొత్త వ్యవస్థలోకి మార్పిడి లేకుండా వాటిని తెస్తే పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు వరుసకడతాయి. పరీక్ష కోసం వాడే నమూనా వివరాల్లో అరబీ పేర్లు, అరబీ అంకెలు, పొడవాటి తెలుగు పేర్లు తప్పక ఉండాలి.

పంచాంగం చూసుకొని పెట్టవలసిన ముహూర్తం

పాత వ్యవస్థను ఆపి కొత్తదానికి మారే ఘట్టాన్ని కట్‌ఓవర్ అంటారు. దీనికి బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు అనుభవం ఒక హెచ్చరిక. 2018 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు సుమారు 52 లక్షల మంది ఖాతాదారుల వివరాలను ఒకే వారాంతంలో కొత్త వ్యవస్థకు మార్చింది. వివరాలు చేరాయి గాని వ్యవస్థ భారాన్ని మోయలేకపోయింది. లక్షలాది మంది తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా విధించాయి. ఒక్క వారాంతంలో అన్నీ మార్చే పద్ధతి సర్వత్రా తప్పని దీని అర్థం కాదు. నిజమైన భారంతో పరీక్షించకుండా, వెనక్కి మళ్లే దారి సిద్ధం చేసుకోకుండా అలా చేయడమే తప్పు. శాఖల వారీగా మారడం, జీతాల విషయంలో కనీసం రెండు నెలల పాటు పాత, కొత్త వ్యవస్థలను పక్కపక్కన నడిపి జీతపు పట్టీలను పైసాపైసా, అక్కడైతే బైసాబైసా పోల్చడం మధ్యతరహా సంస్థలకు తగిన మార్గం.

తేదీ ఎంపికలో ఒమన్ పనివారాన్ని గుర్తుంచుకోవాలి. 2013 మే 1 నుంచి వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారింది. అప్పటికి ముందు రాసిన కొన్ని ప్రోగ్రాములలో పాత సెలవులు కోడ్‌లోనే గడ్డకట్టి ఉండే అవకాశం ఉంది గనుక వెతికి చూడాలి. సహాయక బృందం హైదరాబాదులో ఉంటే వారి పని సోమవారం నుంచి శుక్రవారం దాకా, మస్కట్ పని ఆదివారం నుంచి గురువారం దాకా. రెండు చోట్లా మనుషులు పనిలో ఉండేది వారానికి నాలుగే రోజులు, పైగా గడియారంలో గంటన్నర తేడా. గురువారం సాయంత్రం మస్కట్‌లో మార్పిడి మొదలుపెట్టి, ఆదివారం ఉదయం సమస్య తలెత్తితే హైదరాబాదులో ఫోను ఎత్తేవారు ఉండకపోవచ్చు. ఆ ఆదివారానికి ఇద్దరు ముగ్గురిని ముందే మాట్లాడి ఉంచుకోవడం ఒప్పందంలో రాయించదగిన షరతు.

పొడవైన సెలవు కదా అని ఈద్‌ను ఎంచుకొనేవారు చంద్రదర్శనాన్ని బట్టి ఆ తేదీ చివరి క్షణంలో ఖరారవుతుందని మరువకూడదు. జీతాల వారం, మూడు నెలలకోసారి వచ్చే పన్ను రిటర్నుల గడువు కూడా దాటిపోవాలి. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగుల పనిగంటలు రోజుకు ఆరుకు మించకూడదన్న కార్మిక చట్ట నియమం హాజరు వ్యవస్థను, జీతాల వ్యవస్థను కలిపేటప్పుడు ఓవర్‌టైమ్ లెక్కలో ప్రతిఫలించాలి. ఇక్కడ ఒక సున్నితమైన విషయం దాగి ఉంది. ఉద్యోగి మతాన్ని జీతాల సాఫ్ట్‌వేర్‌కు పంపితే లెక్క తేలిపోతుంది గాని, 2022లో వెలువడి మరుసటి ఏడాది అమల్లోకి వచ్చిన వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం మతవిశ్వాసం, ఆరోగ్యం, వేలిముద్రల వంటి వివరాలను ప్రత్యేక రక్షణ అవసరమైనవిగా పరిగణిస్తుంది. కాబట్టి మానవ వనరుల విభాగం ‘పనిగంటల వర్గం’ అనే ఒక సంకేతాన్ని మాత్రమే పంపితే జీతాల వ్యవస్థకు కావలసింది దక్కుతుంది, మతం ప్రస్తావనే రాదు. ఏ లంకెలోనైనా అవసరానికి మించి ఒక్క గడి కూడా దాటనివ్వకపోవడం చట్టానికీ మంచిదే, నిర్వహణకూ మంచిదే.

వెళ్లిపోయే మనుషులు, ఉండిపోయే వ్యవస్థలు

గల్ఫ్ దేశాల్లో విదేశీ ఉద్యోగి వీసా, కాంట్రాక్టు ముగిశాక తన జ్ఞానాన్ని తనతో పట్టుకుపోతాడు. లంకెలన్నీ ఒక్కడి బుర్రలో ఉన్న సంస్థలో ఆ ఒక్కడి విమానం టికెట్టే పెద్ద ప్రమాదం. కొందరు ఉద్యోగులు ఇదే తమ ఉద్యోగ భద్రత అనుకొని కాగితం మీద ఏమీ పెట్టరు. ఆ ఎత్తు కొన్నాళ్లు పారవచ్చు గాని, సెలవు మీద ఊరికి వెళ్లిన రోజుల్లో కూడా ఫోను వదలని బతుకు దానికి మూల్యం. ప్రతి లంకెకు ఒక పేజీ చొప్పున అది ఏం తీసుకుపోతుంది, ఎప్పుడు నడుస్తుంది, ఆగితే ఎవరికి చెప్పాలి అన్నది రాసి, ఒమనీ సహోద్యోగి ఒకరికి మొదటినుంచీ పని నేర్పుతూ రావడం వృత్తిధర్మం. ఆరోగ్య మంత్రిత్వశాఖ ‘అల్ షిఫా’ అనే ఆసుపత్రి సమాచార వ్యవస్థను సొంతంగా అభివృద్ధి చేసుకొని ఆసుపత్రుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో నడపడం, నైపుణ్యాన్ని లోపలే నిలుపుకొనే దారి అక్కడ అసాధ్యమేమీ కాదని చూపుతుంది.

బ్యాకప్ విషయంలో చెప్పవలసింది కొద్దే. 2007 జూన్‌లో గోను తుపాను మస్కట్‌ను ముంచెత్తింది, 2021 అక్టోబరులో షాహీన్ తుపాను బాతినా తీరాన్ని తాకింది. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండి ఉండే వాదీలు అలాంటి రోజుల్లో ఏరులై పారతాయి. ప్రధాన సర్వర్, దాని నకలు ఒకే లోయలో ఉంటే రెండూ ఒకేసారి పోవచ్చు.

కొత్త వ్యవస్థ నిలదొక్కుకున్నాక పాతదాన్ని వెంటనే తుడిచివేయాలన్న ఆత్రాన్ని అదుపులో పెట్టుకోవాలి. ఒమన్ పన్ను చట్టం ప్రకారం విలువ ఆధారిత పన్నుకు సంబంధించిన రికార్డులను పదేళ్లు, స్థిరాస్తికి చెందినవైతే పదిహేనేళ్లు భద్రపరచాలి. కాబట్టి పాత వ్యవస్థలో కొత్త నమోదులు ఆపి, చదవడానికి మాత్రమే తెరిచి ఉంచి, ఆ బాధ్యత ఎవరిదో పేరు రాసి, దాని నిర్వహణ ఖర్చును ప్రాజెక్టు మొదటి రోజు బడ్జెట్‌లోనే చూపించాలి.